చెలమకు సున్నా

కరోనా రావడానికి రెండేళ్ళ ముందు, జూన్‌లో బడులు తెరిచిన మొదటి వారంలో, నాకు ఏడో తరగతి 'ఎ' సెక్షన్ తెలుగు అప్పగించారు. తార్నాక పక్కన విశ్వవిద్యాలయం ఆవరణలో సిబ్బంది పిల్లల కోసం నడిచే బడి అది. అప్పటికి అందులో నా సర్వీసు ఇరవై తొమ్మిదేళ్ళు. తెలుగు పండితురాలిని, పైగా సబ్జెక్టు ఇన్‌చార్జిని. అంటే తెలుగు చెప్పే మిగతా టీచర్ల పాఠ్యప్రణాళికల మీద సంతకం పెట్టడం, రెండు సెక్షన్లకూ ఉమ్మడి ప్రశ్నపత్రం తయారుచేయడం, కాంట్రాక్టు టీచర్ల పనితీరు మీద ఆరు నెలలకోసారి అభిప్రాయం రాసి ఇవ్వడం నా పనులు. ఆ అభిప్రాయాన్ని బట్టే వాళ్ళ కాంట్రాక్టు పొడిగించేవారు, లేదా ఆపేసేవారు.

'బి' సెక్షన్‌కు ఆ ఏడే కొత్తగా చేరిన అమ్మాయి వచ్చింది. పేరు సుజాత. జనగామ దగ్గర పల్లె. లాలాగూడలో రైల్వే క్వార్టర్ల వెనక ఒక గది అద్దెకు తీసుకుని, నర్సింగు చదివే చెల్లెలితో కలిసి ఉండేది. చెల్లెలి చదువు ఈమె జీతం మీదే నడుస్తోందని చేరిన రోజే చెప్పింది. మనిషి సన్నగా ఉండేది కానీ గొంతు మాత్రం మైకు అక్కర్లేనిది.

కాగితం మీద రెండు సెక్షన్లూ ఒకటే. అయినా ప్రొఫెసర్ల పిల్లలు, ఆఫీసర్ల పిల్లలు ఎలాగో 'ఎ'లోకి వచ్చి చేరేవారు. హాస్టల్ మెస్సుల్లో వండేవాళ్ళ పిల్లలు, తోటమాలుల పిల్లలు, అటెండర్ల పిల్లలు 'బి'లో మిగిలేవారు. ఎవరు చేశారయ్యా అంటే ఎవరూ చేయలేదు.

ఆ ఏడు ఉపవాచకంగా, అంటే అసలు పాఠ్యపుస్తకానికి తోడుగా చదివించేందుకు, పిల్లల సాహస నవల ఒకటి పెట్టాం. నడి ఎండాకాలంలో అడవిలో దారి తప్పిన ఇద్దరు అక్కచెల్లెళ్ళు పదకొండు రోజులు ప్రాణాలు నిలుపుకొని బయటపడే కథ. ఎంపిక నాదే. కథ కోసం కాదు, మాటల కోసం ఎంచాను. చెలమ, నెగడు, చెకుముకి, దొప్ప, మంచె, నార, జాడ. పేజీకి రెండు మూడు ఇలాంటివి తగిలేవి. పట్నం పిల్లలకు పదసంపద పెంచడానికి ఇంతకంటే మంచి పుస్తకం దొరకదని స్టాఫ్ మీటింగులో చెప్పి ఒప్పించాను.

నా పద్ధతి నాకుండేది. నోటుబుక్కులో పేజీని నాలుగు గళ్ళు చేయించేదాన్ని. పదం, అర్థం, వ్యతిరేకపదం, సొంతవాక్యం. అధ్యాయానికి పది మాటలు. సోమవారం బోర్డు మీద రాస్తాను, శుక్రవారం అప్పజెప్పించుకుంటాను. నెగడుకు వ్యతిరేకపదం ఏమిటి మేడం అని ఒకసారి ఒక పిల్ల అడిగింది. అడవిలో జంతువులు దగ్గరికి రాకుండా రాత్రంతా మండించే మంటకు వ్యతిరేకపదం ఎక్కడినుంచి తేను? ఆ గడిలో గీత పెట్టుకోమన్నాను. ఇరవై తొమ్మిదేళ్ళు ఆ నాలుగు గళ్ళతోనే నెట్టుకొచ్చాను, మంచి మార్కులే వచ్చేవి.

సుజాత గళ్ళు గీయించలేదు. ఆమె పెట్టిన నియమం ఒకటే. పుస్తకంలో కొత్త మాట తగిలితే దాని అర్థం రాయకూడదు. ఆ మాటను బతుకులో వాడిన మనిషి ఎవరో వెతికి పట్టుకోవాలి. అమ్మమ్మో, వాచ్‌మనో, కూరగాయలమ్మే ఆవిడో, ఎవరైనా సరే. వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే రాసి, పక్కన వాళ్ళ పేరూ ఊరూ రాయాలి. పేరు లేని మాటకు నోటుబుక్కులో చోటు లేదు. మొదటిసారి ఆమె పాఠ్యప్రణాళిక మీద సంతకం పెడుతూ, ఇదేం పద్ధతి, నిఘంటువు ఎందుకున్నట్టు అని అడిగాను. ఆమె నవ్వి, "నిఘంటువు అక్కడనే ఉంటది గద మేడం, యాడికి పోతది. ముసలోళ్ళే పోతరు" అంది. ఆ జవాబు బాగుంది. బాగుండడమే నాకు నచ్చలేదు.

రెండు నెలలు గడిచేసరికి 'బి' సెక్షన్ పిల్లలు క్యాంపస్‌లో కనిపించిన ప్రతి మనిషినీ ఆపి మాటలు అడుగుతున్నారు. తోటమాలి చేత మోదుగాకు దొప్ప కుట్టించారు. మెస్సులో వంటామె చెకుముకి రాయి గురించి గంటసేపు చెప్పిందట. ఇంటర్వెల్‌లో నా సెక్షన్ పిల్లలు 'బి' గుమ్మం దగ్గర నిలబడి వాళ్ళ నోటుబుక్కులు అడిగి చదువుకునేవారు. నా నాలుగు గళ్ళ నోటుబుక్కును ఎవరూ ఎవరినీ అడిగినట్టు నాకు గుర్తు లేదు.

ఒకరోజు తార్నాక చౌరస్తాకు ఇవతల, కూరగాయల బండి దగ్గర, నా క్లాసు ఫస్టు పిల్ల శ్రీహిత వాళ్ళమ్మ కలిసింది. బెండకాయల తోకలు తుంచి చూస్తూ, మా పాపను 'బి' సెక్షన్‌కు మార్చుకోవచ్చా మేడం, ఇంట్లో ఒకటే గొడవ, అని మామూలుగా అడిగేసింది. మధ్యలో మార్చడానికి రూల్స్ ఒప్పుకోవన్నాను. ఏ కూరగాయలు కొన్నానో ఇంటికెళ్ళి సంచి విప్పేదాకా నాకు తెలియదు. చూస్తే నాకు గిట్టని కాకరకాయలు.

దాన్ని అసూయ అని అప్పుడు అనుకోలేదు. క్రమశిక్షణ అనుకున్నాను, భాషా ప్రమాణం అనుకున్నాను. కడుపు మండుతున్నవాడు అది ఆకలనే అంటాడు.

అసలు దెబ్బ ఆగస్టులో తగిలింది. బడి వెనక వాన కాలువ ఒకటి ఉండేది. వాన పడితే పారేది, నాలుగు రోజులకు ఇసుక తేలేది. నేను మొదటి అంతస్తు స్టాఫ్‌రూములో కిటికీ పక్కన కూర్చుని నోటుబుక్కులు దిద్దుతున్నాను. కింద సుజాత తన పిల్లలందరినీ ఆ ఇసుకలో కూర్చోబెట్టింది. చేతుల్లో కొబ్బరి చిప్పలు. అందరూ వంగి తవ్వుతున్నారు. కాసేపటికి ఒకటే కేకలు: "వచ్చినయ్! నీళ్ళు వచ్చినయ్ టీచర్!"

చెలమ తవ్వుతున్నారు.

మాది కడప జిల్లాలో పెన్న ఒడ్డు పల్లె. పదేళ్ళ వయసు దాకా నేను తాగినవి చెలమ నీళ్ళే. మా అమ్మ బిందె పక్కన పెట్టి, టెంకాయ చిప్పతో ఇసుక తోడుతుంటే నేను గుంట చుట్టూ గట్టు కట్టేదాన్ని. మొదట ఊరే నీళ్ళు మడ్డిగా ఉంటాయి, వాటిని తోడి పారబోయాలి. రెండోసారి ఊరినవీ పారబోయాలి. మూడోసారి నీళ్ళు కదలకుండా ఓపిక పట్టాలి. అప్పుడు అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టొచ్చు. కింద పిల్లలు ఆ మొదటి మడ్డినీళ్ళనే చిప్పల్లో ముంచుతున్నారు. "ఒరే, పారబోయండి!" అన్న మాట నా నోటిదాకా వచ్చింది. కిటికీ చువ్వలు పట్టుకుని లేచి నిలబడ్డాను కూడా.

అంతలో సుజాత అంది, "ముందుగాల వచ్చినయి పారబోయాలె. చెలమ అంటె ఆగుడు. తేటపడేదాంక ఎవ్వరు ముంచొద్దు."

నేను కూర్చున్నాను. అబ్బ, ఆ పూట నాకు పుట్టిన కుళ్ళు ఇంతా అంతా కాదు. నా పదేళ్ళ బతుకును ఎవరో నా కళ్ళముందే తీసి పంచిపెడుతున్నట్టు అనిపించింది. ఆ మాట నాది. నా క్లాసులో ఆ మాటకు నేను బోర్డు మీద రాసింది "చెలమ: ఊటగుంట" అని. ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన ఏడు, స్టాఫ్‌రూములో నా రాయలసీమ యాసకు బాగా నవ్వుకున్నారు. నేను ఎందుకు అనబోయి "ఏంటికి" అంటే "ఏంటికండీ" అని సాగదీసేవారు. ఏడాది తిరిగేసరికి నోరు కడుక్కుని, పుస్తకాల తెలుగు పట్టుకున్నాను. ఊరు, ఏరు, టెంకాయ చిప్ప అన్నీ గేటు బయట వదిలిపెట్టాను. ఈ అమ్మాయి ఏదీ వదలకుండా గేటు లోపలికి వచ్చింది. పిల్లలు ఆమె వెంట పడ్డారు. నేను ఓర్వలేకపోయాను.

అర్ధసంవత్సర పరీక్షకు ప్రశ్నపత్రం నేనే తయారుచేశాను. దానికో క్రమం ఉంటుంది. ముందు బ్లూప్రింటు, అంటే చదవడానికి ఎన్ని మార్కులు, రాయడానికి ఎన్ని, పదజాలానికి ఎన్ని అని వాటాలు వేసుకోవడం. తర్వాత ప్రశ్నలు. ఆ తర్వాత 'కీ', అంటే ఏ జవాబుకు ఎన్ని మార్కులు వేయాలో దిద్దేవాళ్ళ కోసం రాసే పట్టిక. పదజాలానికి పది మాటలు, మాటకు రెండు మార్కులు. మొదటి మాట చెలమ. కీలో అంతకుముందు ఏ ఏడూ లేని ఒక వాక్యం అడుగున చేర్చాను. "అర్థం ప్రామాణిక భాషలో, ఒక్క పదంలో ఉండాలి. వర్ణనకు, వ్యవహార భాషకు మార్కులు లేవు."

ఆ వాక్యం ఎవరి మెడకు ఉచ్చో నాకు బాగా తెలుసు.

మా బడిలో ఒకరి సెక్షన్ జవాబులు ఇంకొకరు దిద్దాలి. 'బి' కట్ట నా దగ్గరికి వచ్చింది. పేపర్ల మీద పేర్లుండవు, రోల్ నంబర్లే. ఒక పేపర్లో చెలమకు ఇలా ఉంది: "వాగు ఎండితె ఇసుకల తవ్వుతరు. ముందు వచ్చిన నీళ్ళు పారబోయాలె. అందరు ఒక్కపారె ముంచితె మురికయితది. ఒకరు తాగినంక ఇంకొకరు ఆగాలె. తోడిన కొద్ది ఊరుతది. మా నాయనమ్మ చెప్పింది." రెండుసార్లు చదివాను. మూడోసారి చదివితే చేయి ఆడదని తెలిసి, ఎర్రసిరాతో అడ్డంగా గీత కొట్టి సున్నా వేశాను. అలాగే కట్టంతా దిద్దాను. మా సెక్షన్ పేపర్లు కీ ప్రకారమే దిద్దిన సుజాత, దాదాపు అందరికీ పదజాలంలో పూర్తి మార్కులు వేసి పంపింది.

అదే వారంలో ఆమె కాంట్రాక్టు మీద నా అభిప్రాయం అడిగారు. "పిల్లలతో కలుపుగోలుతనం ఉంది. ప్రామాణిక భాషపై పట్టు తక్కువ. పరీక్ష ఫలితాలే నిదర్శనం. పొడిగింపు విషయం పునరాలోచించవచ్చు" అని రాసి, కవరు అంటించి ఇచ్చాను. ఆడలేక మద్దెల ఓడన్న సామెతను పిల్లలకు ఏటా చెప్పేదాన్ని. ఆ రోజు గుర్తు రాలేదు.

మార్కులు రిజిస్టరులోకి ఎక్కించేముందు జవాబుపత్రాలు ఒకసారి పిల్లలకు చూపించడం ఆనవాయితీ. కూడికలో తప్పులుంటే అప్పుడే సరిచేస్తాం. సోమవారం మా క్లాసులో పేపర్లు ఇచ్చాను. శ్రీహిత తన పేపరు పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చింది. కూడిక తప్పేమో అనుకున్నాను.

"మేడం, ఒక డౌట్. ఊటగుంట అంటే ఏంటి?"

"నువ్వే రాశావు కదా, రెండు మార్కులూ వచ్చాయి."

"మీరు చెప్పింది బైహార్ట్ చేశాను మేడం. అంటే ఏంటో తెలీదు."

చెప్పడం మొదలుపెట్టాను. ఏరు ఎండిపోతే ఇసుకలో తవ్వుతారమ్మా, మొదట ఊరే నీళ్ళు మడ్డిగా ఉంటాయి, పారబోయాలి, తేటపడేదాకా ఆగాలి, అని. చెబుతుంటే నా చేతులు వాటంతట అవే తోడుతున్నట్టు కదిలాయి. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది.

"అరే, మౌనిక ఇదే రాసింది మేడం! 'బి' సెక్షన్ మౌనిక. తనకి జీరో వచ్చిందని మార్నింగ్ నుంచి ఏడుస్తోంది."

ఆ పిల్ల మాటలో ఎత్తిపొడుపు లేదు. తెలిసిన సంగతి చెప్పి వెళ్ళి బెంచీలో కూర్చుంది. 

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళాను. హైదరాబాదు మనిషి. కోపం వచ్చినా టీ చెప్పకుండా తిట్టడు. కీ తప్పు, మార్చాలి, 'బి' పేపర్లు మళ్ళీ దిద్దాలి అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏంది లలిత మేడం, పొద్దుపొద్దున పరేషాన్ చేస్తున్నరు. ముప్ఫై ఏండ్ల సర్వీసుల మీ కీ తప్పని ఎవరన్న అన్నరా? మారిస్తె కారణం రాయాలె. ఎవరు తయారుచేసిండ్రో రాయాలె. మీ ఫైల్ల పడ్తది."

పడనీయండి అన్నాను. పొద్దున కాదు, రెండు గంటలైందని కూడా అన్నాను. ఆయనకు నవ్వు రాలేదు. సుజాత మీద ఇచ్చిన కవరు వెనక్కి కావాలన్నాను. అది శనివారమే పై ఆఫీసుకు వెళ్ళిపోయింది, సీలు వేసిన కవరు వాపసు రాదు అన్నాడు. అయితే రెండో ఉత్తరం రాస్తానన్నాను. అక్కడే కూర్చుని రాశాను. నేను రాసిన కీ లోపం వల్ల ఫలితాలు తప్పుగా వచ్చాయి, వాటి ఆధారంగా నేను ఇచ్చిన అభిప్రాయాన్ని పరిగణించవద్దు, ఆమె బోధన నేను చూసిన వాటిలో మేలైనది, అని. చివరి వాక్యం రాయడానికి చాలా సేపు పట్టింది. అది నిజం కాబట్టే పట్టింది.

'బి' కట్టను ఆకుపచ్చ సిరాతో మళ్ళీ దిద్దాను. ఎర్రసిరా మార్కును కొట్టేసి ఇన్‌చార్జి సంతకం చేసే రంగు అది. రెండు రోజులు పట్టింది. అయ్యాక సుజాతను స్టాఫ్‌రూములో పక్కకు పిలిచి, నా వల్ల తప్పు జరిగింది, క్షమించు అన్నాను. ఆమె తల వంచుకుని వింటుందనుకున్నాను. వినలేదు.

"కీ చూసిన్నాడే నాకు సమజైంది మేడం. కాంట్రాక్టుదాన్ని, ఏమంట? నోరు మూసుకున్న. నాకు చెప్పుడు అక్కర్లే. పిల్లలు ఏడ్చిండ్రు. వాళ్ళకు చెప్పుండ్రి."

నాకు కోపం వచ్చింది. ముప్ఫై ఏళ్ళ సీనియర్‌ని, పిల్లల ముందు నిలబడి చెప్పాలా అనిపించింది. ఆ కోపంతోనే నడుచుకుంటూ 'బి' సెక్షన్‌లోకి వెళ్ళాను.

పేపర్లు పంచి, మీ జవాబులు సరైనవే, కీ తప్పు, కీ రాసింది నేను అని చెప్పాను. మౌనిక ఎవరో అప్పుడు చూశాను. మెస్సులో వంటామె కూతురు, రెండు జడలు, మూడో బెంచీ. తన పేపరు మీద ఎర్రగీతనూ ఆకుపచ్చ అంకెనూ కాసేపు చూసుకుని చేయెత్తింది.

"టీచర్, మీకు చెలమ తెల్వదా?"

"తెలుసమ్మా. చిన్నప్పుడు మేమే తవ్వుకునేవాళ్ళం. ఆ నీళ్ళే తాగేవాళ్ళం."

పిల్ల ఆలోచించింది. "మరి తెలిస్తె, ఎందుకు కొట్టేసిండ్రు టీచర్?"

క్లాసంతా నా వైపే చూస్తోంది. సుజాత కిటికీ వైపు చూస్తోంది. తెలియక చేశానని ఒక్క అబద్ధం చెబితే గౌరవం దక్కేది, కానీ తెలుసని అప్పటికే చెప్పేశాను. "కొట్టేయకూడదు. తప్పు చేశాను" అని మాత్రం అన్నాను. అది ఆ ప్రశ్నకు జవాబు కాదని ఆ పిల్లకూ తెలిసింది. ఇంకోసారి అడగలేదు. పేపరు మడిచి, తన పదాల నోటుబుక్కులో పెట్టుకుంది. ఆ నోటుబుక్కులో చెలమ పక్కన వాళ్ళ నాయనమ్మ పేరుంది. ఆ ముసలావిడ మీద కూడా నాకు అసూయ కలిగింది.

నా సర్వీసు ఫైలులో మొదటిదీ చివరిదీ అయిన హెచ్చరిక ఒకటి చేరింది. సుజాత కాంట్రాక్టును పొడిగించారు. మరుసటి ఏడు ఆమెకు ప్రభుత్వ బడిలో ఉద్యోగం వచ్చి, వేరే జిల్లాకు వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళిన రోజు నాకు కొంచెం తేలికగానే అనిపించింది. అబద్ధం ఎందుకు? అసూయ పోయిందని నేను చెప్పను. ఆ నోటుబుక్కుల పద్ధతి నా క్లాసులోనూ పెట్టాను. పిల్లలు ఊరంతా తిరిగి అందరి పేర్లూ రాసుకొచ్చారు. నన్ను మాత్రం ఎవరూ ఏ మాటా అడగలేదు. టీచరుకు అర్థాలే తెలుస్తాయని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకం కలిగించింది నేనే.

మనసులో ఏముందో అదుపు చేయడం నా వల్ల కాలేదు. చేతిలో కలాన్ని అదుపు చేయడానికి మాత్రం ఒక పద్ధతి పెట్టుకున్నాను. రిటైరయ్యేదాకా ప్రతి కీ రాసేముందు, ఒక తెల్లకాగితం మీద ఆ ప్రశ్నకు నాకు నిజంగా తెలిసిన జవాబు రాసేదాన్ని. తర్వాత కీ రాసి, దాని ప్రకారం నా కాగితాన్ని నేనే దిద్దేదాన్ని. ఆ ఏడు చెలమ విషయంలో ఆ పని చేసి ఉంటే, నాకు సున్నా వచ్చేది.